అడ్డగీత పెట్టిన ఏడు

1వ తేదీ

ఈ డైరీ కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. అట్ట మీద బంగారు అక్షరాలు, లోపలంతా ఖాళీ. అచ్చం మా షాపులా ఉందని దాచుకున్నాను. ఇంట్లో దీన్ని స్టాకు పుస్తకం అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ.

పిల్లల బూట్ల కౌంటరులో ఉండేవాడు ఈ రోజు రాలేదు. పదకొండింటికి ఫోన్‌లో మెసేజి పెట్టాడు. "సార్, ఇక రాను." అంతే. ఏడాదిలో ఇతనితో ఏడుగురు. పదమూడు మందిమి ఉండేవాళ్ళం, నాతో కలిపి ఆరుగురం మిగిలాం. పెద్దక్క, క్యాషియరమ్మాయి, సేల్స్‌లో అన్నదమ్ములిద్దరు, స్టోర్ రూములో నిచ్చెన. నిచ్చెన అంటే మనిషే. ఆరడుగుల పైన రెండంగుళాలు ఉంటాడు, అయినా నిచ్చెన ఎక్కనిదే డబ్బా తియ్యడు.

సాయంత్రం ఏరియా సారు ఫోన్ చేశారు. ఈ నెలాఖరుకి మా బ్రాంచి మూసేస్తున్నారట. స్టాఫుకి చెప్పొద్దన్నారు, చెబితే ఉన్నవాళ్ళు కూడా ఈ వారమే వెళ్ళిపోతారు, సరుకు సర్దేవాళ్ళు ఉండరు అన్నారు. నాకు మాత్రం పెద్ద బ్రాంచిలో కుర్చీ చూస్తానన్నారు. "చూస్తాను" అన్నారు, "ఇస్తాను" అనలేదు. కాబట్టి ఏదీ ఇంకా పూర్తిగా ఖాయం కానట్టే. ఖాయం కాని సంగతి నలుగురికీ చెప్పడం కూడా తప్పే.

2వ తేదీ

కొత్త సరుకు రావడం లేదు. రాక్‌లు బోసిగా కనపడకూడదని ఖాళీ డబ్బాలు పేర్పిస్తున్నాను. ముందు వరసలో నిండువి, వెనక మూడు వరసలు ఖాళీవి. వాటి మీద కూడా సైజులు రాయాలి, లేకపోతే ఖాళీవని తెలిసిపోతుంది.

పెద్దక్క మార్కరు పట్టుకుని వచ్చి అడిగింది. "ఖాళీ డబ్బాకి ఏం సైజు రాయమంటారు సార్?"

"నీ ఇష్టం అక్కా."

"అయితే అన్నీ ఎనిమిదే రాస్తా. కస్టమర్లు ఎప్పుడూ అడిగేది, మన దగ్గర ఎప్పుడూ లేనిదీ అదే కదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. షాపులో నన్ను సార్ అంటుంది, బయట కనపడితే నువ్వు అంటుంది. పందొమ్మిదేళ్ళ సర్వీసు. నేను సేల్స్‌మన్‌గా చేరినప్పుడు నాకు పని నేర్పింది ఈవిడే.

క్యాషియరమ్మాయి వెళ్ళేటప్పుడు నిలబడి, "సార్, షాపు మూసేస్తారని అంటున్నారు, నిజమేనా?" అంది. "ఎవరు చెప్పారమ్మా? అదేం లేదు" అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో నాకే ఆశ్చర్యం వేసింది.

3వ తేదీ

హెడ్డాఫీసు వాళ్ళు "మనసులో మాట" అని ఒక పెట్టె పంపారు. స్టాఫు ఎందుకు వెళ్ళిపోతున్నారో తెలుసుకోవాలట. అందరూ చీటీ రాసి అందులో వెయ్యాలి, పేరు రాయనక్కర్లేదు, ఏం రాసినా ఎవరూ ఏమీ అనరు. చీటీల ఫొటోలు తీసి ఏరియా సారుకి నేను పంపాలి.

అయిదు చీటీలు. ఒకదానిలో "ఏసీ బాగు చెయ్యండి" అని ఉంది. అది నిచ్చెన. స్టోర్ రూములో అసలు ఏసీయే లేదు. రెండింటిలో ఒకే వాక్యం, "అంతా బాగుంది సార్". అన్నదమ్ములు ఒకరిది చూసి ఒకరు రాశారు. ఒకటి తెల్ల కాగితం.

అయిదోది:

"ఇప్పటికి 7 మంది పోయారు. మా మనసులో మాట సరే, ముందు మీ మనసులో మాట చెప్పండి. షాపు ఉంటుందా, మూసేస్తారా? ఖాళీ డబ్బాలకి సైజులు రాయించే మనిషిని మేము ఎట్లా నమ్మాలి?"

నాలుగుసార్లు చదివాను. కోపం వచ్చింది. అందులో ఒక్క అబద్ధం ఉన్నా ఇంత కోపం వచ్చేది కాదు.

ఫొటో పంపాను. పంపకుండా ఉండొచ్చు. నాలుగే వచ్చాయని చెప్పొచ్చు. ఈ ఆలోచన పంపాక వచ్చింది.

4వ తేదీ

పొద్దున్నే ఏరియా సారు ఫోన్. "ఎవరండీ ఇది? ఉన్నవాళ్ళని కూడా పాడు చేసేట్టున్నారు."

"పేరు లేదు కదా సార్."

"పేరు లేకపోతే చేతిరాత లేదా? ఆరేళ్ళుగా మేనేజరు, అయిదుగురి రాత గుర్తుపట్టలేరా? రేపు పెద్ద బ్రాంచిలో నలభై మందిని ఎలా చూసుకుంటారు?"

చీటీలో ఏడుకి నడుం మీద చిన్న అడ్డగీత ఉంది. పెద్దక్క ఏడు. ఆ గీత ఈ ఊళ్ళో ఇంకెవరూ పెట్టరు. చెప్పాను.

ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆ ముక్క ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? ఒక్క క్షణం కూడా పట్టలేదు.

5వ తేదీ

ఏరియా సారు వచ్చారు. పెద్దక్క అప్పుడు కింద కూర్చుని ఒక చిన్నపిల్లకి బూట్లు తొడుగుతోంది. బొటనవేలు ఎక్కడుందో పైనుంచి నొక్కి చూసి, "ఇంకో మూడు నెలలు పెరిగినా సరిపోతాయమ్మా" అని వాళ్ళమ్మకి చెబుతోంది. ఆ బేరం అయ్యాక వెనక గదిలోకి పిలిచాం.

సారు చీటీ బల్ల మీద పెట్టి, "ఇది మీరు రాసిందేనా?" అన్నారు.

కళ్ళజోడు పెట్టుకుని చీటీని దూరంగా పట్టుకుని చదివింది. చదివాక సారు వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

"ఈ ఏడు నేను నేర్పిందే. నాదే అనుకోండి."

"అనుకోవడమేంటి? అవునా, కాదా?"

"అవునండీ."

ఒప్పుకుంది కదా. నేను చెప్పింది నిజమే అయింది కదా.

6వ తేదీ

పెద్దక్కకి వేరే బ్రాంచికి బదిలీ ఆర్డరు వచ్చింది. ఇరవయ్యో తేదీలోగా చేరాలి. ఆ బ్రాంచికి రెండు బస్సులు మారి వెళ్ళాలి, పోను మూడు గంటలు. పెద్దక్క ఇల్లు మా షాపు వెనక వీధిలోనే. మధ్యాహ్నం అరగంట వెళ్ళి, మంచం మీదున్న అత్తగారికి అన్నం తినిపించి వస్తుంది. ఆ సంగతి ఏరియా సారుకి తెలియదు. నాకు తెలుసు.

ఆర్డరు చదివి మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. అందరికీ చెప్పి వెళ్ళింది. నాకూ చెప్పింది. "వస్తాను సార్."

పాదాలు కొలిచే చెక్క పలక మర్చిపోయింది. కంపెనీది కాదు, ఆవిడ సొంతం. మడమ పెట్టే చోట పాలిష్ చేసినట్టు నున్నగా అరిగిపోయి ఉంది.

7వ తేదీ

తేదీ రాశాక పెన్ను ఆగిపోయింది.

ఏడుకి అడ్డగీత పెట్టాను. నేనే. ఆలోచించకుండా, చెయ్యి దానంతట అదే పెట్టింది.

మేనేజరునయ్యాక నేను రాసేది సంతకాలే. అంకెలన్నీ కంప్యూటరే వేస్తుంది. అందుకని నా ఏడు ఎలా ఉంటుందో నాకే గుర్తులేదు. ఇప్పుడు గుర్తొస్తోంది. షాపులో ఎవరు కొత్తగా చేరినా మూడు రోజులు పెద్దక్క వాళ్ళచేత వేరే పని చేయించదు, డబ్బాల మీద సైజులు రాయిస్తుంది. "నిచ్చెన మీంచి చూస్తే ఏడూ ఒకటీ ఒక్కలాగే కనపడతాయి. తప్పు డబ్బా దించితే మళ్ళీ ఎక్కాలి. ఏడుకి నడుం కట్టు." అలా నా చేత రాయించింది. అన్నదమ్ముల చేత రాయించింది. క్యాషియరమ్మాయి చేత, నిచ్చెన చేత, వెళ్ళిపోయిన ఏడుగురి చేతా రాయించింది.

షాపంతా ఒకటే ఏడు.

మరి అవునని ఎందుకు ఒప్పుకుంది?

8వ తేదీ

పని ఎక్కువగా ఉంది. రాయడానికి ఏమీ లేదు.

9వ తేదీ

పొద్దున స్టోర్ రూములోకి వెళ్ళి డబ్బాలన్నీ చూశాను. ఏది ఎవరు రాశారో ఒక్కటి కూడా చెప్పలేకపోయాను. నిచ్చెన పైనుంచి, "ఏం సైజు కావాలి సార్?" అన్నాడు. "ఏమీ వద్దు" అన్నాను. "అయితే ఆ సైజు మన దగ్గర బోలెడుంది" అన్నాడు.

ఆవిడ రాసి ఉండొచ్చు కూడా. అయిదుగురిలో ఆవిడ ఒకరు. పైగా తనే ఒప్పుకుంది. రాయనిది రాశానని ఎవరైనా ఒప్పుకుంటారా? ఇలా అనుకుంటే మధ్యాహ్నం దాకా కాస్త ఊపిరి ఆడింది.

ఇంట్లో బూట్లు విప్పుతుంటే మా ఆవిడ వేళ్ళు చూసి కేకలేసింది. "చిటికెన వేలు నల్లబడిపోయింది. బూట్ల షాపు మేనేజరు కాళ్ళు ఇలా ఉంటాయని ఎవరికైనా చెబితే నవ్వుతారు." నవ్వనీ. స్టాఫు అంతా షాపు బూట్లే వేసుకోవాలి. చేరిన రోజు పెద్దక్క ఏడో సైజు తొడిగి, "ఎలా ఉన్నాయి?" అంది. బిగుతుగా ఉన్నాయి. ఎనిమిది స్టాకులో లేదు. మొదటి రోజే పేచీ పెట్టేవాడు అనుకుంటారని, "సరిపోయాయక్కా" అన్నాను. పదిహేనేళ్ళయింది. మొదట అలా చెప్పాను కదా అని ఏడే తీసుకుంటున్నాను.

11వ తేదీ

అన్నదమ్ముల్లో పెద్దవాడు ఒక పెద్దమనిషికి రెండూ ఎడమకాలి బూట్లు కట్టి ఇచ్చాడు. షోకేసులో ఎప్పుడూ ఎడమకాలివే పెడతాం, కుడివి డబ్బాలో ఉంటాయి. జత కట్టేటప్పుడు ఒకసారి విప్పి చూడాలి. అది పెద్దక్క పని. ఆయన ఇంటికెళ్ళి తిరిగొచ్చి, "నాకు రెండూ ఎడమకాళ్ళేనని మీకెవరు చెప్పారు?" అన్నాడు. షాపులో చాలా రోజులకి నవ్వు వినపడింది. నేను క్షమించమని అడిగాను. ముక్కూ ముఖం తెలియని మనిషిని అడగడం ఎంత సులువో!

షాపు నుంచి ఇంటికి ఇప్పుడు చుట్టు తిరిగి వెళుతున్నాను. వెనక వీధిలో గుంతలు ఎక్కువ.

14వ తేదీ

షట్టరు దించే ముందు క్యాషియరమ్మాయి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సార్, ఆ చీటీ నేను రాశాను."

షట్టరు తాళం జేబులో పెట్టుకున్నాను.

"అక్క వేసింది తెల్ల కాగితం సార్. నా పక్కనే మడత పెట్టింది, చూశాను. నాది అని చెబుతానంటే ఒప్పుకోలేదు. నాకు ఇక్కడ ఏడాది కూడా నిండలేదు కదా, ఎవరికీ అక్కర్లేదు, వెంటనే తీసేస్తారు అంది. తను పాత మనిషి, తనని ఏమీ చెయ్యరు అనుకుంది. బదిలీ చేస్తారని అనుకోలేదు సార్."

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే చెబుతున్నా. మీరంటే ఏరియా సారుకి గురి. అక్కది కాదని చెప్పండి. నన్ను తీసేసినా ఫరవాలేదు. అసలు అక్క పేరు ఎవరు చెప్పారో గానీ, సార్, వాళ్ళకి నోరెలా వచ్చింది?"

"చెబుతాలే" అన్నాను.

15వ తేదీ

చెప్పలేదు. ఏరియా సారు మీటింగులో ఉన్నారు. ఉండి ఉంటారు. నేను ఫోన్ చెయ్యలేదు.

16వ తేదీ

పలక ఇచ్చే నెపంతో పెద్దక్క ఇంటికి వెళ్ళాను. సంచిలో పలక, నోట్లో మాట, రెండూ సిద్ధంగా ఉన్నాయి.

అత్తగారి వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి అన్నం తినిపిస్తోంది. నన్ను చూసి, "రా, లోపలికి రా" అంది. బయట కాబట్టి సార్ లేదు. ముసలావిడ నన్ను పరీక్షగా చూసి, "ఎవరే ఇతను?" అంది. "మా షాపు అబ్బాయి అత్తయ్యా. మంచోడు" అంది పెద్దక్క.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నీ బదిలీ ఆపించాలని పైవాళ్ళతో మాట్లాడుతున్నానక్కా" అన్నాను.

"అలాగా" అంది. ముద్ద కలుపుతూనే ఉంది. "ఏమన్నారు?"

"చూస్తామన్నారు."

"సరే."

వీధి మలుపు దాకా వచ్చాక చూసుకుంటే పలక సంచిలోనే ఉంది. వెనక్కి వెళ్ళలేదు.

17వ తేదీ

గీత పెట్టలేదు. ఎవరైనా చూస్తే ఈ పేజీ పదకొండో తేదీ అనుకుంటారు.

18వ తేదీ

క్యాషియరమ్మాయి అడిగింది. చెప్పానన్నాను. చూస్తామన్నారని చెప్పాను. ఆ పిల్ల నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

నేను ఇలాంటివాణ్ణి కాదు. ఈ వాక్యం రాసి పది నిమిషాలు చూశాను. కొట్టెయ్యడం లేదు. నిజమని కాదు, ఎలాంటి మనిషి ఇలాంటి వాక్యం రాసుకుంటాడో తర్వాత చదువుకోవడానికి ఉంచుతున్నాను.

20వ తేదీ

పెద్దక్క రాజీనామా పంపింది. క్యాషియరమ్మాయి తెచ్చి బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మూడు వరసల ఉత్తరం. ఇంటి పరిస్థితుల వల్ల దూరం వెళ్ళలేనని, ఇన్నేళ్ళు పని ఇచ్చినందుకు సంతోషమని. ఎవరి మీదా ఒక్క మాట లేదు. అందులో ఎక్కడైనా ఏడు ఉందేమోనని వెతికాను. లేదు.

ఉదయం ఏరియా సారు ఫోన్ చేసి పెద్ద బ్రాంచిలో కుర్చీ దాదాపు ఖాయమన్నారు. మా ఆవిడకి చెప్పాను. సంతోషపడి, "ముందు పెద్దక్కకి చెప్పండి, తమ్ముడు పైకొచ్చాడని మురిసిపోతుంది" అంది. మా అమ్మాయికి మొట్టమొదటి బూట్లు తొడిగింది కూడా పెద్దక్కే. తలనొప్పిగా ఉందని పడుకున్నాను.

21వ తేదీ

మళ్ళీ మనసులో మాట పెట్టె. ఈసారి ఏరియా సారే స్వయంగా వచ్చి తెరుస్తారట.

22వ తేదీ

స్నానాల గదిలో తలుపు వేసుకుని, కుళాయి తిప్పి వదిలి, చీటీ రాశాను. నలభై రెండేళ్ళవాడిని.

"మొదటి చీటీ పెద్దక్కది కాదు. 7వ తేదీ నుంచి అనుమానం ఉండి, తర్వాత తెలిసి కూడా నోరు విప్పని మనిషి ఈ షాపులో ఒకడున్నాడు."

అందరికంటే ముందు వెళ్ళి పెట్టెలో వేశాను. పేరు రాయలేదు. పేరు రాయకపోయినా నిజం నిజమే కదా. రోజంతా ఏదో ఘనకార్యం చేసినవాడిలా తిరిగాను.

23వ తేదీ

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏరియా సారు అందరినీ బూట్లు వేసి చూసుకునే బెంచీ దగ్గర నిలబెట్టారు. పెట్టె తలకిందులుగా పట్టుకుని బెంచీ మీద కుమ్మరించారు. మూడు తెల్ల కాగితాలు. ఒకదానిలో, "ఫ్యాను అయినా ఇవ్వండి". తర్వాత నా చీటీ. దాన్ని పైకి చదివారు. నా మాటలు ఆయన గొంతులో వింటుంటే ఒంటి మీద బట్టల్లేనట్టు అనిపించింది.

"ఆవిడ వెళ్ళినా ఆవిడ ఏడు ఇక్కడే ఉందన్నమాట." క్యాషియరమ్మాయి వైపు తిరిగారు. "ఆవిడ వెనకే తిరిగేదానివి నువ్వే కదా. నువ్వే రాశావు కదమ్మా?"

"ఇది నేను రాయలేదు సార్."

"ఇది రాయలేదా? అంటే?"

ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు. నా వైపు చూసింది. ఏరియా సారుకి నేను చెప్పానని, చూస్తామన్నారని నమ్ముతోంది. నేను ఇప్పుడు నోరు విప్పుతానని చూస్తోంది.

విప్పలేదు.

"రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నారు ఏరియా సారు.

అప్పుడు నిచ్చెన వంగి, వేలితో బెంచీ మీద కాగితాలు లెక్కపెట్టాడు. "సార్, మేం నలుగురమే ఉన్నాం. చీటీలు అయిదున్నాయి."

నా ఎదురుగా రాక్‌లో డబ్బాలున్నాయి. అన్నిటి మీదా ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. ఒక వరస చివరి దాకా చూశాను.

"నాది సార్" అన్నాను.

ఏరియా సారు నవ్వారు. నా భుజం మీద చెయ్యి వేశారు. "స్టాఫుని కాపాడాలనే మీ మంచితనం నాకు తెలుసండీ. కానీ ఇలాంటివి నెత్తిన వేసుకోకండి."

మంచితనం! ఆ మాటకి ఏడుపు వచ్చినంత పనైంది. మార్కరు తీసుకుని ఒక ఖాళీ డబ్బా మీద ఏడు రాశాను. గీత పెట్టాను. చీటీ పక్కన పెట్టాను. "మొదటి చీటీ పెద్దక్కది కాదు సార్. ఆవిడ పేరు చెప్పింది నేను. తప్పు చెప్పాను. తప్పని తెలిశాక కూడా మీతో ఒక్క మాట అనలేదు. ఈ అమ్మాయితో మాత్రం అన్నానని చెప్పాను."

ఇక్కడితో ఆగితే బాగుండేది. ఎంత సిగ్గుపడ్డా, చివరికి చెప్పాను కదా అని మిగిలేది.

ఏరియా సారు ముఖం గంటు పెట్టుకున్నారు. "మూసేసే షాపులో ఇంత రాద్ధాంతమేంటండీ? నెలాఖరుకి మూసేస్తున్నామని మీకు ఒకటో తేదీనే చెప్పాను. మీ కుర్చీ సంగతీ చెప్పాను. తెలివైనవాళ్ళయితే ఈ ఇరవై రోజులు నిశ్శబ్దంగా గడిపేవాళ్ళు."

అన్నదమ్ముల్లో చిన్నవాడు మెల్లగా అడిగాడు. "ఒకటో తేదీనే తెలుసా సార్?"

"తెలుసు."

"నాలుగో తేదీన నాకు గాజుల షాపులో ఉద్యోగం ఉందన్నారు సార్. మిమ్మల్ని అడిగాను. మన షాపుకేం ఢోకా లేదు, ఎక్కడికీ వెళ్ళొద్దన్నారు."

అన్నాను. డైరీలో రాయలేదు గానీ, అన్నాను.

క్యాషియరమ్మాయి కౌంటరు తాళాలు తెచ్చి నా పక్కన బెంచీ మీద పెట్టింది. నా చేతికి ఇవ్వలేదు.

24వ తేదీ

పెద్ద బ్రాంచిలో కుర్చీ లేదని మెసేజి వచ్చింది. మా ఆవిడకి అంతా చెప్పాను. కంచం పెట్టి అన్నం వడ్డించింది. తర్వాత, "వెళ్ళారా?" అంది. ఎక్కడికో చెప్పలేదు. నేను అడగలేదు.

25వ తేదీ

నిచ్చెన ఒక్కడే వచ్చాడు. ఖాళీ డబ్బాలన్నీ దించి, విప్పి, చదునుగా నొక్కి కట్టలు కట్టాడు. "ఇంకెవరికి చూపించాలి సార్ ఇవి?" అన్నాడు. నేనూ పక్కన కూర్చుని నొక్కాను. సాయంత్రానికి షాపు ఎంత ఖాళీదో అంత ఖాళీగా కనపడింది.

27వ తేదీ

గీత పెట్టే రాశాను.

వెనక వీధిలో నుంచే వెళ్ళాను. పెద్దక్క గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పలక సంచిలోంచి తీసి ముందు పెట్టాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"నీ పేరు చెప్పింది నేనే అక్కా. బదిలీ ఆపిస్తున్నానని చెప్పింది అబద్ధం. ఎవరితోనూ మాట్లాడలేదు."

రాయి ఏరి పక్కన వేసింది. "తెలుసు."

"క్యాషియరమ్మాయి చెప్పిందా?"

"మొన్న చెప్పింది. నాకు అయిదో తేదీనే తెలుసు. నా ఏడు ఎలా ఉంటుందో ఆ పెద్దాయనకేం తెలుసు? ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. నువ్వు క్యాలెండరు చూస్తున్నావ్."

"మరి పదహారో తేదీన వచ్చినప్పుడు ఎందుకు అడగలేదక్కా?"

"మా అత్తయ్యకి మంచోడని చెప్పాను కదా. నువ్వే కాదని అంటావేమోనని చూశాను."

క్షమించమన్నాను. వినపడనట్టు చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, "కూర్చో" అని స్టూలు చూపించింది. "బూటు విప్పు" అంది.

"వద్దక్కా."

"విప్పు."

విప్పాను. పలక నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, నా మడమ పట్టుకుని ఆ నున్నటి చోట ఆనించింది. ఎవరి కాళ్ళ దగ్గర ఎవరు కూర్చున్నారో చూడలేక కళ్ళు మూసుకున్నాను. నల్లబడిన చిటికెన వేలిని ఒకసారి తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎనిమిది. చేరిన రోజూ ఎనిమిదే. నువ్వు సరిపోయాయన్నావ్, నేను సరే అన్నాను. స్టాకులో లేదు కదా అని నేనూ ఊరుకున్నాను. ఆ రోజు విప్పించాల్సింది."

పలక తీసుకుని, కొంగుతో తుడిచి, చేటతో పాటు లోపలికి తీసుకెళ్ళింది. వెళ్ళు అనలేదు, ఉండు అనలేదు. లోపల ముసలావిడ, "ఎవరే?" అంది. ఈసారి ఏం చెబుతుందోనని ఆగాను. ఏమీ చెప్పలేదు. నేను బూట్లు చేత్తో పట్టుకుని వీధిలోకి వచ్చాను.